అబద్ధం నేర్చిన పడవలు

పడవలకి అబద్ధమాడటం నేర్పింది నూకరత్నమే. ఇప్పుడా సంగతి ఎవరైనా ఎత్తితే ఆమె తలెత్తదు గానీ, అప్పట్లో మాత్రం అది తన గొప్పే అనుకుంది.

మొదలంతా ఆటలోనే. ఆమె పెనిమిటి దాసు ఐసు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగొచ్చి, కాళ్లు చాపుకుని, ఫోనులో సాగరవ్యూహం ఆడేవాడు. యుద్ధనౌకలు, జలాంతర్గాములు, రాడార్లు. నిజం సముద్రపు పటం మీదే ఆట. వెతికితే వాళ్ల ఎర్రమెట్టపాలెం కూడా ఆవగింజంత చుక్కయి కనపడేది. నౌకల మధ్య చేపల పడవలు తిరుగుతుంటాయి. వాటిలో ఏది నిజం చేపల పడవో, ఏది ఆ వేషంలో వచ్చిన శత్రువో పోల్చుకోవడమే అందులో కిటుకు.

ఎనిమిది నెలల పాపని భుజాన వేసుకుని జో కొడుతూ, రత్నం ఒకరోజు ఆ తెర చూసి నవ్వేసింది.

"ఇవేటి, ఆర్టీసీ బస్సుల్లా గీత గీసినట్టు పోతన్నాయి? మనోళ్లు ఎప్పుడైనా ఇలా పోతారేటి?"

"అంత తెలిస్తే నువ్వే నేర్పు," అన్నాడు దాసు వెటకారంగా. "పడవల బుర్ర మార్చుకోడానికి ఆటగాళ్లకి ఏదో భాష ఇచ్చారులే. తెడ్డు అంట దాని పేరు."

దాసు వేళాకోళానికే అన్నాడు. రత్నం మనసులో మాత్రం అది ముల్లులా దిగింది. ఆమె చదువు తొమ్మిదిలోనే ఆగిపోయింది. తల్లి పోయిన ఏడాది చేపల గంప నెత్తికెత్తుకున్నాక, లెక్కల పుస్తకం పరుపు కింద పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది. రేపు పాప బడికెళ్తే, అమ్మా ఇదేంటని అడిగితే, ఏం చెప్పాలన్న గుబులు ఆమెకి అప్పుడే పట్టుకుంది.

తెడ్డు చూస్తే అంత భయపడాల్సిందేం కాదు. తెలుగులోనే రాయొచ్చు. ఇలా అయితే ఇలా చెయ్యి అని వరసగా చెప్పుకుపోతే పడవ వింటుంది. పుట్టింట్లో ఆమె విన్న మాటలన్నీ అలాంటివేనాయె. నీళ్లు పాలరంగుకి తిరిగితే వెనక్కి రా. కొండ నెత్తిన మబ్బు కూర్చుంటే వల తియ్యి. మధ్యాహ్నం పాప చీర ఉయ్యాల్లో నిద్రపోయే ఆ గంటన్నరలో, పక్కనే కూర్చుని, ఉయ్యాల తాడు బొటనవేలికి చుట్టుకుని, ఆమె రాయడం మొదలెట్టింది.

అన్నిటికన్నా ముందు రాసింది పార సంగతి.

పార అంటే సముద్రం అడుగున రాతిగట్టు. మంచి చేప కాపురముండేది అక్కడే. ఒక మనిషి జన్మంతా తిరిగితే ఒకటో రెండో దొరుకుతాయి. దొరికిన పార గుర్తు కాగితమ్మీద పెట్టరు, పెళ్లానికి చెప్పరు. కొండ కొమ్మూ, సున్నపుబట్టీ గొట్టమూ ఎక్కడ వరసలోకి వస్తాయో మనసులో పెట్టుకుంటారు. పోయేటప్పుడు వెనకెవరైనా పడితే పారకి పోరు. వేరే దిక్కుకి తిరిగి, అక్కడే ఏదో ఉన్నట్టు వల దింపి, బీడీ కాల్చుకుంటూ కూర్చుంటారు. దాన్ని ఎవరూ తప్పనుకోరు. ఊళ్లో ప్రతి ఇల్లూ ఆ అబద్ధం మీదే తింటోంది.

రత్నం ఇలా రాసింది:

వెనక పడవ ఉంటే
పారకి ఎదురు దిక్కుగా తిరుగు
వల వేసినట్టు ఉండు
వెనక పడవ పోతే ఇంకొక్క గంట ఆగు

పార ఎక్కడో మాత్రం రాయలేదు. అది తెలీదు కూడా ఆమెకి. అంతవరకూ ఆమె జాగర్తే పడింది.

ఆటలో పడవలు ఒక్కసారిగా మనుషుల్లా మారిపోయాయి. వంకలు తిరిగాయి, ఉత్తుత్తినే ఆగాయి, ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకున్నాయి. ఆడేవాళ్లంతా ఎవరీ నూకరత్నం అని అడగసాగారు. నెల తిరక్కుండా ఋషికొండ మీది నీలిరేఖ అనే ప్రయోగశాల నుంచి కబురొచ్చింది.

అక్కడి హైమవతి మేడం ముప్పై దాటని మనిషి. రత్నం పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని వెళ్తే, ఆవిడ నలిగిన చొక్కాతో, కాళ్లకి చెప్పుల్లేకుండా ఎదురొచ్చింది.

"మా దగ్గర పదిమంది ఇంజనీర్లు రెండేళ్లుగా చెయ్యలేనిది మీరు ఉయ్యాల ఊపుతూ చేశారు రత్నం గారూ. మాకు ఒక్క రకం పడవ చాలదు. ఎన్ని రకాల మనుషులుంటే అన్ని రకాలు రాసివ్వండి."

గారూ అని పిలిపించుకోవడం రత్నానికి అదే మొదలు. ఎందుకు, ఎవరికి అని అడగాలని తోచలేదు. ఇంటికొచ్చి, రోజూ తెల్లవారాక పాపని చంకనేసుకుని ఒడ్డున కూర్చుని, పోయే పడవల్ని చూసి రాసింది. నడకని బట్టి మనిషిని పోల్చినట్టు, తిరిగే వంకని బట్టి పడవని పోల్చగలదు ఆమె. కులపెద్ద సూరప్పడు ముందు దక్షిణానికి పోయి, అందరూ చెదిరాక తిరుగుతాడు. ఆయన తమ్ముడికి అంత ఓపిక లేదు, సగంలోనే తిప్పేస్తాడు. తన తండ్రి కొర్లయ్య మూడు చోట్ల ఆగుతాడు, మూడూ అబద్ధమే. అలా ఊళ్లోని నలభై ఒక్క పడవల అబద్ధాలు ఎవరివి వారివిగా రాసి పంపింది.

మాఘం వెళ్లాక ఒకనాటి ఉదయం మూడు మరబోట్లు వచ్చాయి. ఇటు చూడలేదు, అటు చూడలేదు. తిన్నగా తల్లిపార మీదికి వెళ్లి అడుగు ఊడ్చే వలలు దింపాయి. నాలుగు రోజులు ఊడ్చాయి. అయిదో రోజు కొర్లయ్య వెళ్లి గేలం వేస్తే రాతిముక్క తగులుకొచ్చింది. ఆ రాతికి అంటుకుని ఉండాల్సిన పాచి కూడా లేదు.

తల్లిపార కొర్లయ్యది. కొర్లయ్యదీ, అతని పడవలో ముప్పై ఏళ్లుగా రెండో మనిషిగా పోయే పరదేశిదీ. ఒకే పడవకి చెరో పక్కా తెడ్డేసి బతికినవాళ్లు. రత్నానికి బొడ్డూడకముందే చెవి దగ్గర పేరు చెప్పింది పరదేశే. మావా అని పిలుస్తుంది.

చేపల వేలం పాకలో పంచాయితీ పెట్టారు. కొర్లయ్య నిలబడి ఒక్క మాటే అన్నాడు.

"ఆ పార నాకు తెలుసు, పరదేశికి తెలుసు, గంగమ్మకి తెలుసు. గంగమ్మ అమ్ముకోదు."

పరదేశి నవ్వాడు ముందు. తమాషాకంటున్నాడనుకున్నాడు. పక్కకి చూస్తే ఎవరూ నవ్వట్లేదు.

"నేనా? ఒరే కొర్లా, నా మొకం సూసి సెప్పు."

కొర్లయ్య చూడలేదు. పరదేశిని ఏ పడవా ఎక్కించుకోకూడదని తీర్మానమైంది. మర్నాటి నుంచి అతని పెళ్లాం బంగారమ్మ సంతలో గంప దించితే పక్క గంపలు జరిగేవి. పరదేశి మాత్రం రోజూ వేళకి ఒడ్డుకొచ్చి, ఎవరిదో పాడైన వల ముందేసుకుని అల్లుతూ కూర్చునేవాడు. అల్లిన వల సాయంత్రానికి అక్కడే వదిలేసి పోయేవాడు. దాన్నెవరూ ముట్టుకునేవారు కాదు.

రత్నం కూడా ముట్టుకోలేదు. మావ అలా చేశాడంటే నమ్మలేకపోయింది, తండ్రి అబద్ధమాడాడంటే అంతకన్నా నమ్మలేకపోయింది. అందుకని ఎదురుపడకుండా వెనక సందులోంచి పోవడం మొదలుపెట్టింది.

ఇది జరిగిన పది రోజులకి, కొత్తగా రాసినవి ఇవ్వడానికి నీలిరేఖకి వెళ్లింది. పాపకి జ్వరం తగిలి ముందురోజే తగ్గింది, ఇంట్లో వదిలే ధైర్యం లేక ఎత్తుకునే పోయింది. హైమవతి ఆమెని చూడగానే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

"మీరు చూడాలిది. మీ వల్లే అయ్యింది."

గోడంత తెర. దాని మీద సముద్రం. ఇప్పుడు ప్రతి పడవకీ ప్రమాదం వస్తే వెతకడానికని, ఎంతమంది ఎక్కారో కూడా నమోదు చేసే చిన్న డబ్బా బిగిస్తున్నారు కదా, అది చెప్పే దారులన్నీ సన్నటి తెల్లదారాల్లా పరుచుకుని ఉన్నాయి.

"ఆటలో యంత్రం ఏం ఆలోచిస్తుంది? ఈ పడవ తర్వాత ఎటు పోతుందని. ఇది అలా అడగదు. ఈ పడవ ఇలా ఎందుకు పోయిందని అడుగుతుంది. దీని పేరే 'ఎందుకు'. పుట్టి ఏడాదైంది, కానీ మనుషులు మాయ చేస్తే దానికి అర్థమయ్యేది కాదు. మీరు రాసిన అబద్ధాలు తినిపించాక..." హైమవతి ఒక మీట నొక్కింది. "ఇప్పుడు ఈ దారాల్లో ఏది ఎవర్ని ఏమార్చడానికి తిరిగిందో తెలిసిపోతోంది. అబద్ధమంతా తీసేస్తే మిగిలేదేంటి? అందరూ దేని నుంచి ముఖం తిప్పుకుంటున్నారో ఆ చోటు."

తెల్లదారాల మధ్య పసుపుచుక్క ఒకటి మెల్లగా వెలిగింది. "ఒక్క మనిషి చెప్పకుండా దొరికింది చూడండి," అంది హైమవతి మురిపెంగా.

రత్నం ఆ చుక్కని చూసింది. దానికి పడమట కొండ కొమ్ము, దాని కింద సున్నపుబట్టీ గొట్టం. రెండూ వరసలో ఉన్నాయి. మరబోట్లు నాలుగు రోజులు ఊడ్చిన చోటే అది.

"ఇది... ఎవరికిచ్చారు మేడం?"

"మరబోట్ల సంఘం వాళ్లు పరీక్షకి అడిగారు. ఒక్క చోటే ముందు ఇచ్చాం. ఏమైంది రత్నం గారూ?"

రత్నం చెప్పింది. పట్టుచీర కొంగు నోట్లో కుక్కుకుని, ముక్కలు ముక్కలుగా చెప్పింది. హైమవతి వింటూ వింటూ మీట మీంచి చెయ్యి తీసేసి కుర్చీలో కూలబడింది.

"నేను అడగలేదు," అంది. "ఎందుకని అడిగే యంత్రాన్ని చేశాను గానీ, వాళ్లకెందుకని నేను అడగలేదు."

"నేను రాసింది వెనక్కి ఇచ్చేయండి."

"కాగితమైతే ఇచ్చేదాన్ని. అది నేర్చేసుకుంది. నేర్చుకున్నది మరిచిపొమ్మంటే దానికి రాదు. మిగతావి కూడా వచ్చే నెల ఇస్తామని ఒప్పందం రాసిచ్చారు మా వాళ్లు."

ఆ రోజు తిన్నగా పుట్టింటికే వెళ్లింది రత్నం. కొర్లయ్య అరుగు మీద ఒంటరిగా గేలాలు తోముతున్నాడు. ఆమె నేల చూస్తూ మొత్తం చెప్పింది. మావ అమ్మలేదు నాన్నా, నేనే, తెలీక.

కొర్లయ్య చేతిలో గేలం ఆగింది. ఎవరైనా విన్నారేమోనని సందు వైపు చూశాడు.

"ఇంకెవుల్తో అన్నావు?"

"ఎవుల్తోనూ నేదు."

"అనకు. నీకు తెలీదు, నాకు తెలీదు. చంటిగుంట తల్లివి, నిన్ను వెలేస్తే ఎక్కడ బతుకుతావు?"

"మరి మావ?"

"ఆడు మగోడు. పడతాడు."

అంతకన్నా ఏదో ఉంది ఆ మాటలో. అరుగు దిగుతుంటే తండ్రి తోమిన గేలాన్నే మళ్లీ తోమడం చూసింది గానీ, ఆ బెంగ తన కోసమే అనుకుంది.

నాలుగు రోజులు నోరు మూసుకునే ఉంది. వండింది, ఉతికింది, పాపకి నలుగు పెట్టింది. అయిదో రోజు మందుల దుకాణం దగ్గర బంగారమ్మ ఎదురైంది. తప్పుకునే సందు లేదు. బంగారమ్మ పాప నుదుటి మీద చెయ్యి వేసి, "జొరం తగ్గిందేటే? పసిదానికి చల్లగాలి తగలనీకు," అని తన దారిన పోయింది. ఆ చెయ్యి తీసేశాక కూడా రత్నం అక్కడే నిలబడిపోయింది. దుకాణం అతను ఏం కావాలమ్మా అని రెండుసార్లు అడిగాడు. ఏం కొనడానికి వచ్చిందో గుర్తు రాలేదు.

సాయంత్రం దాసుతో చెప్పింది. అతను బుర్ర గోక్కున్నాడు.

"నేర్పు అన్నది నేనే కదా," అన్నాడు చివరికి. "చెప్పేయ్. గుంటని నేనెత్తుకుంటాను, నువ్వు చెప్పు."

చెప్పొచ్చు. కానీ తొమ్మిదితో చదువాపేసిన చేపలమ్మి, ఫోనులో బొమ్మ పడవలకి రాసిన రాతల్లోంచి మరబోట్లకి పార దొరికిందంటే నమ్మేదెవరు? తండ్రి మిత్రుణ్ని కాయడానికి కథ అల్లిందంటారు. హైమవతికి ఫోను చేసి, మీరొచ్చి ఊరందరికీ ఆ తెర చూపించమంది.

"వస్తాను. కానీ రత్నం గారూ, ఒక్కటే చూపించడం కుదరదు. అంతా ఒకే లెక్క. వెలిగిస్తే మీ ఊరివన్నీ వెలుగుతాయి. అందరివీ అందరికీ కనపడతాయి."

రత్నం పాప వంక చూసింది. "మరబోట్లోళ్లకి ఎలాగూ వచ్చే నెల కనపడతాయి కదా మేడం. ఆళ్లకి తెలిసింది మావోళ్లకి తెలీకూడదా?"

అంది గానీ, ఆ రాత్రి ఆమెకి అన్నం దిగలేదు.

ఆదివారం వేలం అయ్యాక పాకలో దుప్పటి కట్టి తెర చేశారు. ఊరంతా వచ్చింది. పరదేశిని కబురుపెట్టి పిలిపిస్తే, లోపలికి రాకుండా గుంజ పక్కన నిలబడ్డాడు. కొర్లయ్య చిట్టచివర కూర్చున్నాడు.

రత్నం లేచి నిలబడింది. ఏడవకూడదని ఎంత అనుకుందో అంత ఏడ్చింది. అయినా మధ్యలో ఆపలేదు. ఎవరెవరి వంక ఎలా రాసిందో చెప్తుంటే ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు, మగవాళ్ల మొహాలు గట్టిపడ్డాయి.

"మమ్మల్ని సూసి రాసినావా? మా యెనక కూకుని?" అన్నాడు సూరప్పడు.

"అవును పెద్దయ్యా."

"పార సెప్పనేదంటావు."

"నాకు తెలీదు. అబద్ధమే రాసినాను. దాంట్లోంచి నిజం తీస్తాదని తెలీదు."

హైమవతి యంత్రం వెలిగించింది. దుప్పటి మీద దారాలు పరుచుకున్నాయి. తల్లిపార పసుపుగా వెలిగింది. దాని కింద ఆ చుక్క దొరికిన తేదీ ఉంది, మరబోట్లు రాకముందు పదకొండు రోజులు. హైమవతి అది గట్టిగా చదివింది. పరదేశి గుంజని వదిలి ఒక్కడుగు ముందుకేశాడు.

అంతలోనే రెండోది వెలిగింది. మూడోది. పాకంతా గుసగుసలు, తర్వాత అవి కూడా లేవు. ఎవరి చుక్క వెలిగితే వాళ్లు తల దించుకుంటున్నారు. సూరప్పడి పారా, అతని తమ్ముడి పారా ఒకటే అని తేలింది. ఏడాదికి ఏడాది ఒకళ్లనొకళ్లు ఏమార్చుకుంటూ వంతులేసినట్టు పోతున్నారు ఇద్దరూ. వెనక ఎవరో ముసలామె కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది.

ఆఖరున, చాలా ఉత్తరంగా, ఇంకొకటి వెలిగింది. దాని రంగు వేరు.

"ఇది నాకూ వింతగానే ఉంది," అంది హైమవతి. ఎవరి పడవ ఏదో ఆవిడకి తెలీదు. "తల్లిపారకి పోయే పడవదే ఇదీను. మిగతా అబద్ధాలు వెనకొచ్చే పడవ కోసం. ఈ పడవ మాత్రం ఉత్తరానికి ఒంటరిగా వెళ్లిన రోజుల్లోనే పోతుంది. ఇద్దరున్న రోజున అటు ముక్కే తిప్పదు. అంటే, పడవలో పక్కన కూర్చున్న మనిషికే చెప్తున్న అబద్ధం ఇది."

రత్నం తండ్రి వైపు చూసి, చూసినందుకు తనే చచ్చిపోతే బాగుండుననుకుంది. అరుగు మీద గేలాలు తోమిన చేతులు ఇప్పుడు మోకాళ్ల మధ్య ఇరుక్కుని ఉన్నాయి.

పరదేశి నెమ్మదిగా వచ్చి కొర్లయ్య ఎదుట నిలబడ్డాడు.

"ఎన్నాళ్లయిందిరా?"

"పంతొమ్మిదేళ్లు."

"నా కన్నుకి ఆపరేసన్ అయినప్పుడూ అక్కడికే పోయినావా?"

కొర్లయ్య తలూపాడు.

"నువ్వు దాసినావు కాబట్టే, నేను అమ్మినానంటే నీకు నమ్మబుద్దయింది," అన్నాడు పరదేశి. గొంతు పెంచలేదు. "ఆ గుంట తెలీక సేసింది. నిలబడి సెప్పింది. నువ్వు తెలిసే సేసినావు, సెప్పకుండా కూకున్నావు."

అని వెళ్లిపోయాడు. తీర్మానం వెనక్కి తీసుకుంటున్నట్టు సూరప్పడు అన్నది అతని వీపుకే వినపడింది.

నీలిరేఖ ఒప్పందం ఆగలేదు. హైమవతి ఆ కొలువు మానేసింది, యంత్రం మానలేదు. మరబోట్లు ఇప్పుడు ఏ పారకి కావాలంటే ఆ పారకి వస్తున్నాయి. ఊరివాళ్లు కాపలా పడవలు వంతులేసుకుని అడ్డం పోతున్నారు. కొన్ని రోజులు నిలుస్తున్నాయి, కొన్ని రోజులు లేదు. రత్నాన్ని ఎవరూ వెలి వెయ్యలేదు. కుళాయి దగ్గర ఆమె బిందె వంతు మాత్రం ఎప్పుడూ చివరికే పోతోంది. ఎందుకని ఆమె అడగలేదు.

వెలి పడింది కొర్లయ్యకి. తీర్మానమేం లేదు. అతని పడవలో రెండో మనిషిగా ఎవరూ ఎక్కట్లేదు, అంతే. ఒడ్డు నుంచి పడవని నీళ్లలోకి తోయడానికి నలుగురు కావాలి. ఒక తెల్లవారి వేళ, పడవ అంచు పట్టుకుని ఒక్కడే గింజుకుంటున్న తండ్రిని చూసి, రత్నం పాపని దాసుకిచ్చి చీర పైకి దోపుకుని వచ్చింది. ఇద్దరూ తోశారు. కదల్లేదు.

రత్నం పక్కన ఇంకొక చెయ్యి వచ్చి పడింది. ముడతలు పడ్డ నల్లటి చెయ్యి. చూడక్కర్లేకుండానే ఎవరిదో తెలుసు.

"ఈ కెరటం పోనీ," అన్నాడు పరదేశి. "ఆ యెనకది పెద్దది. అప్పుడు."

వెనక కెరటానికి ముగ్గురూ భుజం పెట్టారు. పడవ లేచింది. కొర్లయ్య ఎక్కి, ఇంజను తాడు లాగకుండా, ముందు బల్ల మీద ఒక పక్కకి జరిగి కూర్చున్నాడు. ఆ ఖాళీ వైపు చూడకుండా చూస్తున్నాడు.

పరదేశి నడుంలోతు నీళ్లలో నిలబడే ఉన్నాడు.

"ఎక్కవా మావా?" అంది రత్నం. అడిగే హక్కు తనకి లేదని తెలిసే అడిగింది.

"తోసినానని ఎక్కినట్టు కాదమ్మా. పడవ ఇసకలో ఉండిపోతే సూడనేను, అంతే. గుంట ఏడుస్తంది, యెల్లు."

ఇంజను రాజుకుంది. అందరూ చూస్తుండగా కొర్లయ్య పడవ దక్షిణానికి తిరగలేదు, మధ్యలో ఆగలేదు, ఏ వంకా పోలేదు. తిన్నగా ఉత్తరానికి, ఆ పంతొమ్మిదేళ్ల చోటికే, గీత గీసినట్టు పోయింది. ఒడ్డున ఉన్న మనిషి చూడాలనే అలా పోతోందని రత్నానికి తెలిసింది. పరదేశికీ తెలిసే ఉంటుంది. అది చుక్కయి మాసిపోయేదాకా అలాగే చూసి, చేతులకంటిన ఇసక నీళ్లలో కడుక్కుని, ఇంటివైపు నడిచాడు.